పాపారాయుడి కత్తికి ఈలలెందుకు?

బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లో అమ్మవారి పండగకు బొబ్బిలి యుద్ధం బుర్రకథ పెట్టిస్తే, కథకుడు ఎక్కడ గొంతు తగ్గిస్తాడో, వంతలు ఎక్కడ గుమ్మెట మీద దెబ్బ పెంచుతారో జనానికి ముందే తెలుసు. బొబ్బిలి రాజు రంగారావు కత్తి దూసి అంతఃపురంలోకి అడుగుపెట్టే చోట తంబురా కూడా మెల్లబడుతుంది. హాస్యం చెప్పే వంత నోరు విప్పడు. ముందు వరసలో చాపల మీద కూర్చున్న ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఇంకో అరగంటకు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు చీకట్లో పాక్కుంటూ శత్రువైన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరతాడు. అప్పుడు ఈలలు మొదలవుతాయి. నిద్రలో ఉన్న మనిషిని పొడుస్తుంటే ఊరు ఊరంతా ఈల వేస్తుంది.

అదే పందిట్లో వెనక వరసలో నిలబడ్డ కుర్రాళ్లు ఇంటికెళ్లాక ఫోన్లో డ్రాగన్ల సీరియల్ చూస్తారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2011 నుంచి 2019 దాకా ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు నడిచింది. అయిపోయి ఇన్నేళ్లయినా అందులోని జేమీ మంచోడా చెడ్డోడా అన్న వాదన టీ కొట్ల దగ్గర తెగడం లేదు. ఆ వాదనలో తరచూ వినిపించే మాట ఒకటుంది: మన కథల్లో రాముడో రావణుడో తప్ప మధ్యరకం మనుషులుండరని, ఈ రకం పాత్రలు మనకు కొత్తని. విజయనగరం జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లు ఈ మాట అనడం అన్యాయం. వాళ్ల ఇంటి పక్కనే అలాంటి కథ ఉంది. అందులో డ్రాగన్లు లేవు, ఫిరంగులున్నాయి.

ఒక పాత్రను తూచేటప్పుడు రెండు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. ఎందుకు చేశాడన్నది ఒకటి, చేయొచ్చా అన్నది ఇంకొకటి. కారణం తెలియగానే మనసు మెత్తబడి రెండో ప్రశ్న మరిచిపోతాం. ఆ సీరియల్‌లో రాణి సెర్సీ చేసిన ఘోరాల వెనక పిల్లల మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమ నిజమే, ఘోరాలూ నిజమే. జేమీ విషయం దీనికి తిరగేసినట్టు ఉంటుంది. కాపాడతానని ప్రమాణం చేసిన రాజునే వెన్నులో పొడిచాడు, జన్మంతా రాజహంతకుడనే పేరు మోశాడు. ఆ పిచ్చి రాజు నగరం మొత్తాన్ని తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడనీ, ఆ ఆజ్ఞ ఆపడానికే పొడిచాననీ మూడో సీజన్‌లో బ్రియాన్ అనే యోధురాలికి చెప్పేదాకా చూసేవాళ్లకు తెలియదు. కారణం తెలిశాక అదే కత్తిపోటు వేరేగా కనిపిస్తుంది.

అయితే ఈ రెండు ప్రశ్నలూ చాలవు. మూడోది అడిగితే తప్ప బొబ్బిలి కథ అర్థం కాదు: ఆ మనిషి పంతానికి అయిన ఖర్చు ఎవరు కట్టారు?

కథ అసలు మొదలు నీళ్ల దగ్గర. కోడిపందెం దగ్గర మొదలైందని చెప్పుకునేవాళ్లున్నారు. సరిహద్దు తగువులకు పందెం ఎప్పుడూ మంచి సాకే. కానీ ఈస్టిండియా కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ చెప్పేది నీళ్ల సంగతి. బొబ్బిలి సంస్థానం, విజయనగరం పొలిమేరలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. బొబ్బిలివాళ్లు వాగుల నీళ్లు మళ్లించేసుకునేవారు, అవతలి ఊళ్ల మీద పడి దోచుకునేవారు. విజయరామరాజుకు అంత బలగం ఉన్నా, అడవీ కొండా అడ్డుగా ఉన్న బొబ్బిలి సీమలోకి వెళ్లి బదులు తీర్చుకోవడం కుదిరేది కాదు. పైగా రంగారావు అతణ్ని నిన్నగాక మొన్న పైకొచ్చినవాడని చిన్నచూపు చూసేవాడట.

గెడ్డ, అంటే వాగు, నీళ్ల మీద బతికే ఊళ్లలో ఈ తగువు బరువు వేరేగా చెప్పనక్కర్లేదు. ఎగువన ఒకడు రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేస్తే దిగువన మడి బీటలు వారుతుంది. అడిగితే ఎగువవాడు నవ్వుతాడు. ఏళ్లతరబడి ఆ నవ్వు చూసినవాడి కోపం ఎలా ఉంటుందో ఉత్తరాంధ్ర రైతుకు తెలిసినంతగా ఏ చరిత్రకారుడికీ తెలియదు. కనుక విజయరామరాజు కారణం లేని దుర్మార్గుడు కాడు. బుర్రకథలో అతనికి మీసం మెలేయడం, కుట్ర పన్నడం తప్ప వేరే పని ఉండదు గానీ, అతని ఫిర్యాదులో నిజం ఉంది. బొబ్బిలి అభిమానులు ఈ నీళ్ల సంగతి దాటేసి పోవడం కథకు మేలు చేయదు. ఎదుటివాడికీ న్యాయమైన బాధ ఉందని తెలిస్తేనే రంగారావు విషాదం లోతు తెలుస్తుంది.

విజయరామరాజు తప్పు అతను పట్టుకున్న ఆయుధంలో ఉంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేశాడు. చికాకోల్ సర్కారు, అంటే నేటి శ్రీకాకుళం పేరున్న సీమ, అందులో ఒకటి. విజయరామరాజు ఫ్రెంచివారి దగ్గర ఇజారా, అంటే శిస్తు వసూలు గుత్త, పుచ్చుకుని, వారి సేనాని బుస్సీకి దగ్గరయ్యాడు. పక్కవాడితో నీళ్ల తగువు తీర్చుకోవడానికి సముద్రం అవతలి ఫిరంగులను ఇంటి ముంగిటికి తెచ్చుకున్నాడు. గెడ్డ తగువుకు గెడ్డ మేర పరిష్కారం ఉంటుంది. అతను కోరింది అది కాదు. రంగారావు కుటుంబం మొత్తం ఆ మట్టి మీద నుంచి లేచిపోవాలన్నాడు.

ఇక్కడొక చోట ఆగాలి. బుస్సీ మొదట యుద్ధం కోరుకోలేదు. బొబ్బిలి వదిలేస్తే అంతకంటే పెద్దదీ, విలువైనదీ అయిన భూమి వేరేచోట ఇస్తానన్నాడు. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. ఆ తర్వాత ఫ్రెంచి సిపాయిల దండు ఒకటి కొండల దిగువకు వెళ్లాల్సి వచ్చింది. దగ్గరి దారి బొబ్బిలి అడవిలోంచే. రంగారావు అనుమతి ఇచ్చాడు. అయినా అడవిలో దండు మీద దాడి జరిగింది. ముప్పై మంది సిపాయిలు చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది గాయపడ్డారు. దాడి చేయించిందెవరు? విజయరామరాజు పన్నిన ఎత్తు కావచ్చు, రంగారావు ముందే అనుకున్నదీ కావచ్చు అని రెండూ రాసి ఓర్మ్ ఊరుకున్నాడు.

కథకులు ఊరుకోలేరు. బొబ్బిలి వైపు కథనంలో అది విజయరామరాజు కుట్రే. బుస్సీ దివాను హైదర్ జంగుకు లంచం ముట్టిందన్న మాట కూడా తోడవుతుంది. సీరియల్‌కూ చరిత్రకూ పెద్ద తేడా ఈ చోటే. రాజు మంత్రి జాన్ ఆరిన్‌కు విషం పెట్టించింది లిటిల్‌ఫింగర్ అనే కుట్రదారని గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎప్పటికో ఒకప్పటికి చూపిస్తుంది. ఆలస్యమైనా చూసేవాడికి రుజువు దొరుకుతుంది. బొబ్బిలి అడవిలో ఆ రోజు ఏం జరిగిందో చూపించే కన్ను లేదు. మిగిలింది ఫలితమే. ఉద్దేశాన్ని చెప్పేవాడు తన ఊరును బట్టి అతికించుకున్నాడు. బొబ్బిలిలో ఒకలా, విజయనగరంలో ఒకలా. ఆ ముప్పై మంది పేర్లు మాత్రం ఎవరి కథలోనూ లేవు. ఎత్తు ఎవరిదైనా దానికి మొదటి వాయిదా కట్టింది వాళ్లే.

బుస్సీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అతనికి బొబ్బిలి మీద ద్వేషం లేదు, విజయనగరం మీద ప్రేమా లేదు. శిస్తు సవ్యంగా వసూలవ్వాలి, దారులు తెరిచి ఉండాలి, మిత్రుడు చేజారకూడదు. దాని పర్యవసానం ఇంత దారుణంగా ఉంటుందని ఊహించకుండానే కదిలాడంటాడు ఓర్మ్. ఊహించనితనాన్ని అమాయకత్వంగా లెక్కకట్టడం కష్టం. ఫిరంగులు వెంటబెట్టుకుని బయల్దేరినవాడు వాటితో జరిగేది ఊహించి తీరాలి.

1757 జనవరి 24. తెల్లవారకముందే ఫిరంగులు బొబ్బిలి మట్టికోట వైపు తిరిగాయి. ఇక నుంచి కథంతా రంగారావుదే.

రంగారావును అర్థం చేసుకోవడానికి గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లోని ప్రభువు నెడ్ స్టార్క్ కొంత సాయపడతాడు. సెర్సీ పిల్లలు రాజుకు పుట్టినవాళ్లు కాదన్న రహస్యం తెలిసినప్పుడు నెడ్ నేరుగా వెళ్లి ఆమెకే చెబుతాడు, రాజుకు తెలిసేలోపు పిల్లల్ని తీసుకుని వెళ్లిపొమ్మంటాడు. ఆ పిల్లల మీద జాలితో చేసిన పని అది. దాంతో అతని తల తెగింది, కూతురు శత్రువు ఇంట్లో బందీ అయింది, ఏడు రాజ్యాలూ యుద్ధంలో పడ్డాయి. నెడ్ మంచివాడు కాడని ఎవరూ అనలేరు. అతని మంచితనానికి బిల్లు కట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ గదిలో లేనివాళ్లు. అయితే చివర్లో నెడ్ ఒక పని చేశాడు. కూతుళ్ల ప్రాణం కోసం చేయని ద్రోహం చేశానని నిండు జనం ముందు ఒప్పుకున్నాడు. జీవితాంతం మోసిన పరువును పిల్లల కోసం నేలమీద పెట్టాడు. ప్రాణం దక్కలేదు, అది వేరే సంగతి. సీరియల్ మొత్తంలో అతను చేసిన అతి పెద్ద పని అదే.

రంగారావు ఆ పని చేయలేదు. కోట నిలవదని తేలిపోయాక బంధువులను, ముఖ్యులను పిలిచి ఆడవాళ్లూ పిల్లలూ శత్రువుల చేతికి చిక్కకూడదని చెప్పాడు. ఇళ్లకు నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటికొచ్చినవాళ్లను కత్తులకు బలిచ్చారు. ఆ పని ముగించి మగవాళ్లు మళ్లీ బురుజుల మీదికి వెళ్లి ఒక్కరూ శరణు అడగకుండా చచ్చిపోయారు. రంగారావు తుపాకి గుండుకు పడిపోయాడు.

దీన్ని ఇప్పటి కొలతతో కొలిచి రంగారావును క్రూరుడనేయడం సులువు. అప్పటి కొలతతో కొలిచి దండం పెట్టేయడం ఇంకా సులువు. రెండూ తొందరపాటే. గెలిచిన సైన్యం కోటలోకి దిగాక ఆడవాళ్లకు ఏమవుతుందో ఆ కాలపు మనిషికి అనుభవంతో తెలుసు కాబట్టి అతని భయం ఉత్తిది కాదు. పైగా ఆ సీరియల్‌లోని స్టానిస్ లాంటివాడితో అతణ్ని ఒక గాటన కట్టకూడదు. స్టానిస్ సింహాసనం తనదేనన్న నమ్మకంతో, గెలుపు కోసం కన్నకూతుర్ని మంటల్లో వేశాడు. అక్కడ బిడ్డ ప్రాణం పెట్టుబడి. రంగారావు అప్పటికే ఓడిపోయాడు, ఏమీ కొనుక్కోవడం లేదు.

అయినా జనం మనసుకు ఈ ఘట్టం ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దానికి సాక్ష్యం పాటల్లోనే దొరుకుతుంది. ఓర్మ్ రాతలో ఆడవాళ్లకు ఒక్క మాట కూడా లేదు. జనం పాడుకునే కథలో రంగారావు భార్య మల్లమ్మ దేవి మాట్లాడుతుంది. భర్తకు ధైర్యం చెబుతుంది, వెనకాడవద్దంటుంది, తనే ముందు నడుస్తుంది. కొందరు దీన్ని పాతివ్రత్యం పొగడ్తగా మాత్రమే చూస్తారు. దానికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆమె నోటి నుంచి ‘సరే’ అన్న మాట రాకపోతే ఆ దృశ్యాన్ని వినేవాళ్లు భరించలేరు. కథకుడికి ఆ సంగతి తెలుసు, అందుకే ఆమెకు గొంతు ఇచ్చాడు. ఒప్పుకోలు లేని త్యాగం త్యాగం కాదని ఏ నీతిశాస్త్రం చదవకుండానే పల్లె జనం తేల్చేశారు.

మల్లమ్మ చేత ఒప్పించగలిగారు గానీ, పసిపిల్లల చేత ఏ కథకుడూ ఒప్పించలేకపోయాడు.

అందుకే ఈ కథలో అందరికంటే ఎక్కువ ఆలోచింపజేసే మనిషి పేరులేని ఒక ముసలివాడు. కాల్పులు ఆగాక ఫ్రెంచి అధికారులు కోటలోకి వెళ్లి ఆ శవాల మధ్య మాట పడిపోయి నిలబడి ఉంటే, ఒక వృద్ధుడు చిన్న పిల్లవాణ్ని పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచాడు. లా అనే అధికారికి వాణ్ని అప్పగించి, వీడు రంగారావు కొడుకు, తండ్రి మాట కాదని వీణ్ని దాచానని చెప్పాడట. బుస్సీ ఆ పిల్లవాడికి ఎక్కడ అధికారం ఇచ్చాడంటే, బొబ్బిలికి బదులుగా తండ్రికి ఇవ్వజూపిన భూమిలోనే. తండ్రి అవమానమని తోసిపుచ్చింది కొడుక్కి బతుకుతెరువైంది. చిన రంగారావని జనం పిలుచుకునేది ఆ పిల్లవాణ్నే. బొబ్బిలి వంశం నిలిచింది ఆ ధిక్కారం వల్లే.

రాజు ఉప్పు తిన్నవాడు రాజు ఆజ్ఞ మీరాడు. బొబ్బిలి పరువు లెక్కలో అది ద్రోహమే అవుతుంది. జేమీది కూడా ప్రమాణభంగమే. తేడా ఏమిటంటే జేమీకి నగలూ నట్రా ఉన్న గొప్పింటి పేరుంది, తన కథ చెప్పుకునే అవకాశం దొరికింది. ముసలివాడికి రెండూ లేవు. చుట్టూ అంతమంది కత్తులు దూసి మాటకు కట్టుబడి ఉంటే, బిడ్డను పట్టుకుని ఏ మూల నక్కాడో, వాడు ఏడవకుండా నోరు ఎలా మూశాడో, ఎంతసేపు అలా ఉన్నాడో కథ చెప్పదు. అందరి పౌరుషానికీ ఒక పిల్లవాడు బిల్లు కట్టే వేళ, వద్దని అడ్డం పడ్డవాడు ఆ కోటలో కనిపించేది అతనొక్కడే. బొబ్బిలిలో యుద్ధ స్మారక స్తూపం ఉంది. అతని పేరుతో మాత్రం ఏమీ లేదు.

ఇప్పుడు ఈలల సంగతి. పాపారాయుడు యుద్ధం నాడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. బొబ్బిలికీ రాజాంకూ పట్టుమని పాతిక ముప్పై కిలోమీటర్లు. కబురు అందేసరికి అంతా అయిపోయింది. మల్లమ్మ అతని చెల్లెలని కథ చెబుతుంది. మూడో రాత్రి శత్రువు విడిదిలోకి దూరి విజయరామరాజును చంపాడు. ఓర్మ్ రాతలో ఈ పని చేసింది రంగారావు సైనికులు, పేర్లు లేవు. నలుగురు ప్రమాణం చేసుకున్నారు, ఇద్దరు డేరాలోకి వెళ్లారు, శవం మీద ముప్పై రెండు గాయాలున్నాయి, కావలివాళ్లు ఇద్దర్నీ అక్కడే చంపారు. జనం కథలో ఆ చేతులన్నీ పాపారాయుడివయ్యాయి.

నిద్రపోతున్నవాణ్ని చంపడం మన ధర్మంలో గొప్ప పని ఏమీ కాదు. మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ చేసింది సరిగ్గా అదే. తండ్రిని అన్యాయంగా చంపారన్న కోపం, రాత్రివేళ, శత్రు శిబిరం, ఒళ్లు మరిచి నిద్రపోతున్న మనుషులు. కారణం చూస్తే పాపారాయుడికీ అతనికీ ఆట్టే తేడా లేదు. కానీ అశ్వత్థామను తెలుగువాళ్లు ఇప్పటికీ క్షమించలేదు. మానని పుండుతో తిరుగుతూనే ఉంటాడని చెప్పుకుంటారు. పాపారాయుడికి ఈలలు వేస్తారు. ఒకే పనికి రెండు తీర్పులెందుకు?

అశ్వత్థామ కత్తి ద్రౌపది కొడుకుల మీద పడింది. వాళ్లు ద్రోణుణ్ని చంపలేదు. ఆ తర్వాత అతను ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తాడు, చివరికి కడుపులో ఉన్న పిండం మీదికి అస్త్రం వదిలాడు. పాపారాయుడి కత్తి పక్కకు పోలేదు. విజయనగరం పిల్లల జోలికి, ఆడవాళ్ల జోలికి వెళ్లలేదు. పని అయ్యాక పారిపోలేదు, జనం కథలో అక్కడే తన కత్తితో తనే ప్రాణం తీసుకుంటాడు. పంతానికి మూల్యం పూర్తిగా తన జేబులోంచి కట్టాడు. పౌరుషం, పంతం అని మనకు రెండు మాటలున్నది ఊరికే కాదు. సొంత ప్రాణం ఒడ్డినంతవరకు పౌరుషం, పక్కవాళ్ల ప్రాణాలు కూడా ఒడ్డితే పంతం. ఆ ఈలలు హత్యకు పడుతున్నాయనుకుంటే పొరపాటు, లెక్క సరిపోయినందుకు పడుతున్నాయి. నిజానికి ఆ లెక్క కూడా పూర్తిగా సరిపోలేదు. విజయనగరం కోటలో ఆ రాత్రి గడిచాక తెల్లారి ఏడ్చినవాళ్లు ఉన్నారు. బొబ్బిలి బుర్రకథలో వాళ్లకు చోటు లేదు.

వాళ్ల చోటు విజయనగరంలో ఉంది, అది కూడా నడిబొడ్డున. పైడితల్లి అమ్మవారు విజయరామరాజు చెల్లెలని ఊరంతా నమ్ముతుంది. యుద్ధం వద్దని అన్నను వారించిందని, అన్న వినలేదని, అతని చావు కబురు విని పెద్దచెరువులో కలిసిపోయిందని చెబుతారు. తర్వాత పతివాడ అప్పలనాయుడు చెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని తీశాడంటారు. ఇది చరిత్రా, భక్తుల మాటా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. గెలిచిన ఊరు తన యుద్ధాన్ని ఎలా గుర్తుంచుకుందో చూడాలి. కోటను పడగొట్టిన రాజుకు గుడి కట్టలేదు. వద్దన్న చెల్లెలికి కట్టింది. తమ రాజు చేసింది పూర్తిగా ఒప్పుకాదన్న ఎరుక ఎక్కడో లేకపోతే జనం ఆ ఎంపిక చేయరు. విజయనగరం వాళ్లను బొబ్బిలి కథలో దుర్మార్గుల వారసులుగా చూసేవాళ్లు ఒకసారి ఆ గుడి ముందు నిలబడి ఆలోచించాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. బొబ్బిలి యుద్ధం జరిగిన 37 ఏళ్లకు, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. పేష్కషు, అంటే కప్పం, బకాయిల పేరుతో కంపెనీ అతణ్ని సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్లిపొమ్మంది, భరణం ఇస్తానంది. అతను వెళ్లలేదు. తన మనుషులతో పద్మనాభంలో నిలబడి పోరాడాడు. ఆ తర్వాత అతని కొడుకు నారాయణ బాబుకు కుదించిన జమీందారీ దక్కింది. పుట్టిన మట్టి వదిలేస్తే వేరేచోట సుఖంగా ఉండనిస్తామన్న మాట, దాన్ని తోసిపుచ్చడం, చావు, మిగిలిన కొడుకు. రంగారావు కథే మళ్లీ, ఈసారి విజయనగరం రాజులైన పూసపాటి వారి ఇంట్లో. రెండింటికీ తేడా ఒకటే. చిన విజయరామరాజు పోరాటానికి వెళ్లింది బయటి మైదానానికి, అంతఃపురాన్ని వెంటబెట్టుకుని కాదు.

విజయదశమి వెళ్లిన తర్వాతి మంగళవారం పైడితల్లి పండగలో సిరిమాను కదులుతుంది. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు. వెనక ఆకాశంలోకి లేచిన మాను చివర పూజారి కూర్చుంటాడు. మూడులాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా, కోట నుంచి గుడికి, మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసురుతారు. బొబ్బిలి నుంచి, రాజాం నుంచి కూడా బస్సుల్లో వచ్చి ఆ జనంలో నిలబడతారు. యుద్ధం వద్దన్న చెల్లెలు అన్న కోట ముందుకు వచ్చి, ఒకసారి ఆగి, వెనక్కి తిరుగుతుంది.